బ్రేక్ ఆయిల్ ఎందుకు తగ్గుతోందో చూడకుండా శ్రీశైలం వెళ్ళవద్దు

కొలంబస్, ఒహాయో
అక్టోబరు 19

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మొన్న ఆదివారం ఫోనులో మాటల మధ్య, నెల రోజుల్లో కారుకు రెండుసార్లు బ్రేక్ ఆయిల్ పోయించానని, కార్తీకంలో అమ్మను తీసుకుని అదే కారులో శ్రీశైలం వెళ్తానని అన్నారు. గత నెలలో నా పాత కారుకూ ఇదే జరిగింది. ఫోనులో చెబితే "చూద్దాంలే" అంటారని ఉత్తరమే వ్రాస్తున్నాను.

నా కారులో మొదట మలుపు తిరిగినప్పుడల్లా బ్రేకు ఎర్ర దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయేది. బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో మట్టం కింది గీతకు చేరింది. ముందు చక్రాల ప్యాడ్లు అరిగేకొద్దీ లోపలి పిస్టన్లు బయటికి జరిగి ఆ ఖాళీలోకి కొంత ద్రవం చేరుతుంది కనుక మట్టం తగ్గడం వింతేమీ కాదు. కానీ ఆ తగ్గుదల నెలల మీద, ఏళ్ళ మీద కనిపించేది. నేను పై గీత దాకా పోసి గుర్తు పెట్టుకుంటే పది రోజులకే వేలెడు దిగింది. అది ఎండలో నీళ్ళలా ఆవిరైపోయే వస్తువు కాదు, ఎక్కడో కారుతున్నట్టే.

రాత్రి కారు కింద అట్ట పరిచి చూస్తే చుక్క కూడా పడలేదు. మరునాడు టార్చి వేసి ఒక్కో చక్రం లోపలివైపు చూడగా వెనుక ఎడమ టైరు గోడ మీద తడిచార కనిపించింది. వేలితో తాకితే జారుడుగా ఉంది, ఇంజన్ ఆయిల్ నలుపు లేదు. ముందు చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, చక్రం తీసి, హ్యాండ్ బ్రేకు వదిలి, చక్రంతోపాటు తిరిగే బ్రేకు డ్రమ్ము లాగితే అది తుప్పుతో బిగుసుకుపోయి కదలలేదు. ఇక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పే కార్లను తినేస్తుంది. డ్రమ్ము మీదున్న మరలు తొలిచిన రెండు రంధ్రాల్లో బోల్టులు పెట్టి మార్చి మార్చి బిగిస్తే చివరికి ఊడివచ్చింది. లోపల షూలను డ్రమ్ముకు అదిమే వీల్ సిలిండర్ చివరనున్న రబ్బరు తొడుగును కొంచెం ఎత్తగానే డికాషన్ రంగులో ద్రవం బొటబొటా కారింది. లోపలి కప్పు రబ్బరు అరిగింది, సిలిండర్ గోడకు తుప్పు గుంటలు పడ్డాయి.

షెడ్డులో అడిగిన డబ్బు విని నేనే పూనుకున్నాను. కొత్త సిలిండర్ 30 డాలర్లకు లోపే దొరికింది. దానిని వెనుకనుంచి పట్టి ఉంచేవి రెండే బోల్టులు. కష్టమంతా బ్రేకు పైపు నట్టుతోనే, మామూలు పానాతో తిప్పితే దాని అంచులు గుండ్రమైపోతాయి, అందుకు నట్టు చుట్టూ పట్టే పానా వేరే కొన్నాను. తడిసిన షూలు కడిగినా పనికిరావు. ఒకవైపే కొత్తవి వేస్తే బండి పక్కకు లాగుతుందని రెండువైపులా మార్చాను. తరువాత పైపుల్లో చేరిన గాలి తీయడానికి మీ కోడలిని పెడల్ దగ్గర కూర్చోబెట్టి, "తొక్కి పట్టుకో, వదలకు" అని అరుస్తూ ఉంటే, మామయ్యగారు కారు నేర్పినప్పుడు కూడా ఇంతగా అరవలేదంది. పెడల్ తొక్కితే ద్రవాన్ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ పాతది, దానిలో ఎన్నడూ తిరగని చోటికి రబ్బరు వెళ్ళి కోసుకుపోకుండా పెడల్ కింద చెక్కముక్క పెట్టాను.

మనవాళ్ళు బ్రేకు ద్రవాన్ని ఆయిల్ అనడమే పెద్ద చిక్కు. అది నూనె కాదు, పెట్రోలియం నూనె తగిలితే బ్రేకుల్లోని రబ్బరంతా ఉబ్బి చెడుతుంది. మీకు పోసినవారు ఏ సీసాలోది పోశారో తప్పక అడగండి. కారులోని డబ్బా మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో ద్రవం రకం రాసి ఉంటుంది, అదే పోయాలి. ఇంకొకటి, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని నియమం, తేమ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. శ్రీశైలం దారిలో దోర్నాల దాటాక ఆ ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే ఉంటే ఆ వేడి రావచ్చు. అప్పుడు లోపల ఆవిరి పుట్టి, పెడల్ మెత్తగా నేలకు పోతుంది.

కాబట్టి మన తెనాలి షెడ్డులోనే కారు ఎక్కించి నాలుగు చక్రాల లోపలివైపు చూడమనండి. డ్రమ్ములోని దుమ్మును గాలి గొట్టంతో ఊదనివ్వకండి, పీల్చడం మంచిది కాదు. బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ విప్పి దాని వెనుక చూడాలి, అక్కడ కారితే తొక్కుడు బలాన్ని పెంచే బూస్టరులోకి పోతుంది కనుక బయటికి తెలియదు. కార్తీకానికి పని పూర్తికాకపోతే బస్సులో వెళ్ళండి. ఏ చక్రం తడిగా ఉందో ఫొటో తీసి పంపితే చాలు, మిగతాది నేను మెకానిక్‌తో మాట్లాడుకుంటాను.

అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ కుమారుడు