ఫీజు చెప్పే కాలేజీలు జీతమూ చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మా పల్నాడులో ఫోరెన్సిక్ సైన్స్ (నేరాల ఆధారాలను ల్యాబ్‌లో పరీక్షించే చదువు), క్రిమినాలజీ (నేరాల గురించి చదివే శాస్త్రం) డిగ్రీల ఫ్లెక్సీలు వెలుస్తున్నాయి. బ్యాంకులో విద్యా రుణాల సీటులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. తెలిసినవాళ్లు ఇప్పటికీ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. ఫీజు ఎంతో ప్రతి కాలేజీ చెబుతోంది. అదే కోర్సు చదివి బయటికొచ్చినవాళ్లు ఏం చేస్తున్నారో, ఎంత సంపాదిస్తున్నారో మాత్రం చెప్పడం లేదు. ఆ లెక్క చూపించనిదే అడ్మిషన్లు ఇవ్వనీయకూడదని నా విన్నపం.

ఈ మధ్య ఒక మిర్చి రైతు తన కూతురిని వెంటబెట్టుకుని, ఒక ప్రైవేటు కాలేజీ కరపత్రం తీసుకొచ్చారు. అట్ట మీద భూతద్దం కింద పెద్ద వేలిముద్ర. వెనక పేజీలో ‘ఉద్యోగావకాశాలు’ అంటూ సీబీఐ, ఎన్ఐఏ, పోలీసు శాఖ, ఫోరెన్సిక్ ల్యాబ్ అని వరుసగా వేశారు. మధ్యలో మడిచిపెట్టిన ఫీజు కాగితం ప్రకారం ట్యూషన్, ల్యాబ్, హాస్టల్ కలిపి ఏడాదికి 2 లక్షలు. ఆ అమ్మాయి చురుకైన పిల్ల. “ఎస్సై అవుతా సార్” అంది, ఏమాత్రం తడుముకోకుండా.

ఎస్సై పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు. సీబీఐ, ఎన్ఐఏల్లో సబ్ ఇన్‌స్పెక్టర్లను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీజీఎల్ పరీక్ష ద్వారా తీసుకుంటారు, దానికీ ఏదో ఒక డిగ్రీ ఉంటే సరి. ఫోరెన్సిక్ ల్యాబ్ పోస్టుల్లో కెమిస్ట్రీ, బయాలజీ పీజీలు చేసినవాళ్లూ పోటీకి వస్తారు. ఈ ముక్క కరపత్రంలో ఎక్కడా లేదు. తండ్రికి నేను చెప్పేదాకా తెలియదు.

ఇక అప్పు సంగతి. వడ్డీ 10 శాతం అనుకుని ఆయన ముందే కాగితం మీద వేసి చూపించాను. చదివే మూడేళ్లు, ఆ పైన ఒక ఏడాది బ్యాంకు ఈఎంఐ అడగదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఏటా 2 లక్షల చొప్పున తీసుకుంటే ఆ నాలుగేళ్లకు మామూలు వడ్డీయే 1.80 లక్షలు. కట్టడం మొదలుపెట్టేనాటికి 6 లక్షల అప్పు 7.80 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 10,300 రూపాయలు, మొత్తం మీద 12 లక్షల పైమాటే. అసలు, వడ్డీ విడివిడిగా రాసి చూపేసరికి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి కూడా ఆ అప్పులో భాగస్వామే. పిల్ల కట్టలేకపోతే అప్పులు ఎలా తీరుస్తున్నారో చూపే ఆయన సిబిల్ స్కోరూ పడిపోతుంది, రేపు ట్రాక్టరు లోనుకు వెళ్లినా అదే అడ్డం.

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సై మూల వేతనం 44,570 రూపాయలతో మొదలవుతుంది. ఆ ఉద్యోగం వస్తే ఈఎంఐ కట్టేయొచ్చు. రావడమే కష్టం. మన రాష్ట్రంలో 2018 తర్వాత ఎస్సై నోటిఫికేషన్ మళ్లీ 2022లోనే వచ్చింది, అదీ 411 పోస్టులకు. అదే ఏడాది వేసిన కానిస్టేబుల్ నోటిఫికేషన్ తుది ఫలితాలకు 2025 దాకా ఆగాల్సి వచ్చింది. బ్యాంకు అన్నాళ్లు ఆగదు. మరి ప్రైవేటులో ఎంత ఇస్తారని కాలేజీకి ఫోన్ చేయించాం. “మంచి ప్యాకేజీలే ఉంటాయండీ” అన్నారు. ఎంత అని రెట్టించి అడిగినా అంకె చెప్పలేదు.

ఫోరెన్సిక్ చదువును నేను తక్కువ చేయడం లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. ఇది అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువిచ్చారు. పని పెరుగుతుందనడంలో సందేహం లేదు. కానీ పోస్టులు మంజూరై నోటిఫికేషన్ పడితేనే అది పిల్లల చేతికి జీతమవుతుంది. అందుకే ఆ అమ్మాయికి నేను చెప్పింది ఒకటే: ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీతో బీఎస్సీ చేయమ్మా, ఎస్సై పరీక్షకు అదీ పనికొస్తుంది, ల్యాబ్ మీదే మనసుంటే పీజీలో ఫోరెన్సిక్ తీసుకోవచ్చు.

కాలేజీలు చెప్పని ఈ అంకెలను అమెరికాలో ప్రభుత్వమే బయటపెడుతోంది. అక్కడా పోలీసు, కోర్టు పనులకు సంబంధించిన క్రిమినల్ జస్టిస్ డిగ్రీలో చేరేవాళ్లు చాలామంది. అక్కడి విద్యాశాఖ కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైట్ నడుపుతోంది. అందులో కాలేజీ, కోర్సు ఎంచుకుంటే, ప్రభుత్వ సాయంతో అక్కడ చదివినవారి మధ్యస్థ సంపాదన (అందరినీ వరసగా నిలబెడితే సరిగ్గా నడిమి మనిషిది), మధ్యస్థ అప్పు కనబడతాయి. మన కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకింగు ఎన్ఐఆర్ఎఫ్‌కు కాలేజీలు ఇచ్చే వివరాల్లో మధ్యస్థ జీతం ఉన్నా, అది మూడేళ్ల డిగ్రీలన్నిటికీ కలిపి ఒకే అంకె. ఫోరెన్సిక్ చదివినవారి సంగతి అందులో విడిగా తెలియదు. పైగా ఆ ర్యాంకింగుకు వెళ్లని కాలేజీలు ఎన్నో.

డిగ్రీ సీట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు, ఆంధ్రలో ఓఏఎండీసీ, తెలంగాణలో దోస్త్ అనే అడ్మిషన్ వెబ్‌సైట్ల ద్వారా. అక్కడ ప్రతి కాలేజీలో ప్రతి కోర్సు పక్కన మూడు అంకెలు పెట్టమని రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లను కోరుతున్నాను: కిందటి బ్యాచ్‌లో ఎంతమంది పాసయ్యారు, వారిలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత. ఆ అంకెలు ఇవ్వని కోర్సును వెబ్ ఆప్షన్లలో చూపించకూడదు. వచ్చే అడ్మిషన్లలోపే ఇది జరగాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి,
నరసరావుపేట