సమస్య తీరిందని మీరు రాసుకున్నారు, తీర్చుకున్నది మేము

తెనాలి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఇంటి కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు సిస్టమ్ పాత్ (కమాండ్లను ఏయే ఫోల్డర్లలో వెతకాలో విండోస్‌కి చెప్పే జాబితా) చెరిపేయడం, సరిగ్గా చూడకుండానే ఫిర్యాదు మూసేయడం గురించి.

అయ్యా,

నేను ఇంట్లో డీటీపీ పని చేసుకుంటాను. శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ ఓ చిన్న పుస్తకం. 2018లో కొన్న డెస్క్‌టాప్ మీదే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది కదా, ఇక తప్పదనుకుని మీ షోరూముకి ఫోన్ చేశాను. మాది ఎనిమిదో తరం ఐ5 కాబట్టి విండోస్ 11 పడుతుందని మీవాళ్లే చెప్పారు. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా నడిచే డిస్క్), అదనపు ర్యామ్, పాత విండోస్ మీదే కొత్తది ఎక్కించడం, అన్నీ కలిపి ఇంటికి వచ్చి చేశారు. సామాను ఖరీదు కాక సర్వీస్ ఛార్జీ 1,800 రూపాయలు. బిల్లు జత చేస్తున్నాను.

వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు మర్యాదస్తుడే. నా ఫైళ్లు ఒక్కటీ పోలేదు. పాత హార్డ్ డిస్క్‌ని డీ డ్రైవ్‌గా లోపలే ఉంచాడు. కంప్యూటర్ ఆన్ అవడానికి ముందు కాఫీ పెట్టుకుని వచ్చేదాన్ని, ఇప్పుడు కుర్చీలో కూర్చునేలోపే సిద్ధం. ఇంతవరకూ నాకు ఫిర్యాదు లేదు.

వెళ్లే ముందు అతను తన పెన్‌డ్రైవ్ పెట్టి ఏదో నొక్కితే నల్ల విండో ఒకటి వచ్చి పోయింది. ఏమిటని అడిగితే, "డ్రైవర్ల కోసం ఆంటీ, ఏం లేదు" అన్నాడు. ఆ ఏం లేనిదాని గురించే ఈ ఉత్తరం.

రోజూ రాత్రి పని అయ్యాక డెస్క్‌టాప్ మీదున్న ఒక బ్యాచ్ ఫైలుని (వరసగా నడవాల్సిన కమాండ్లు రాసి ఉంచిన ఫైలు) డబుల్ క్లిక్ చేస్తాను. ఆ రోజు మారిన ఫైళ్లన్నిటినీ రోబోకాపీ అనే విండోస్ కాపీ కమాండ్‌తో డీ డ్రైవ్‌కి పంపేలా మావాడు రాసిపెట్టాడు. అంతకుముందు రెండు మూడు నిమిషాల పాటు నల్ల విండోలో వరసలు పరిగెత్తేవి. అప్‌గ్రేడ్ తర్వాత నుంచి విండో కన్ను మూసి తెరిచేలోపే మాయం. ఎస్ఎస్‌డీ మహిమ అనుకుని మురిసిపోయాను. పదకొండు రాత్రులు అలాగే మురిశాను.

పన్నెండో రోజున ఒక కాలేజీ సావనీర్ ఫైలు మీద పొరపాటున పాత ప్రూఫు సేవ్ చేశాను. ఆ తప్పు నాదే, మీది అనడం లేదు. అలాంటి తప్పుల కోసమే కదా బ్యాకప్ పెట్టుకునేది. డీ డ్రైవ్ తెరిచి చూస్తే అన్నిటికంటే కొత్త కాపీ మీవాళ్లు వచ్చిన ముందు రోజుది. మూడు రోజులు కూర్చుని ఎక్కించిన దిద్దుబాట్లు మళ్లీ మొదటి నుంచి చేశాను.

ఇంకోపక్క బీటెక్ చదివే మావాడికి అంతకుముందు వారమే చిక్కు వచ్చింది. జావా ప్రోగ్రాములు కంపైల్ చేసే జావాసీ కమాండ్ కొడితే 'నాట్ రికగ్నైజ్డ్', అంటే అలాంటి కమాండ్ తెలియదు, అంటోంది. ఇంకో ప్రోగ్రామింగ్ భాష పైథాన్ మాత్రం నడుస్తోంది. మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, "పైథాన్ రన్ అవుతోందంటే మా సైడు ప్రాబ్లం లేదండీ, జావా బయటి సాఫ్ట్‌వేర్, అది మా పరిధిలోకి రాదు" అని పెట్టేసింది.

నాకు కమాండ్లు అంతగా తెలియవు కానీ బ్యాకప్ సంగతి బయటపడ్డాక మావాడితో పాటు నేనూ కూర్చున్నాను. పింగ్ కొట్టాడు. అదీ నాట్ రికగ్నైజ్డ్. పింగ్ అంటే నెట్ కనెక్షన్ అందుతోందో లేదో చూసే కమాండ్; అది జావా వాళ్లది కాదు, విండోస్‌దే. డిర్ కొడితే పనిచేసింది, ఎందుకంటే డిర్ ఆ నల్ల విండోలోనే కలిసి ఉన్న కమాండ్. పింగ్, రోబోకాపీ లాంటివి సిస్టమ్32 ఫోల్డర్లో విడి ఫైళ్లుగా ఉంటాయి. వాటిని ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితానే పాత్. ఫలానా కమాండ్ ఎక్కడుందో చెప్పే వేర్ అనే కమాండ్ కూడా ఆ ఫోల్డర్లోదే కాబట్టి అదీ పలకలేదు. దొంగని పట్టించాల్సిన కుక్కనే ఎత్తుకుపోయినట్టు ఉంది.

రెండోసారి ఫోన్ చేశాం. ఈసారి మీ టెక్నీషియన్ దూరం నుంచే మా స్క్రీన్ తీసుకున్నాడు. ఆ నల్ల విండోని, అంటే కమాండ్ ప్రాంప్ట్‌ని, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' కింద తెరిచి పింగ్ కొట్టాడు. పనిచేసింది! "చూశారా మేడమ్, బానే ఉంది" అని నాలుగు నిమిషాల్లో కట్ చేశాడు. ఫిర్యాదు పరిష్కారమైందని అరగంటలో మెసేజ్ వచ్చింది, ఎన్ని స్టార్లు ఇస్తారని కూడా అడుగుతూ.

ఎలా పనిచేసిందో ఆ రాత్రి మావాడు పట్టుకున్నాడు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఆ విండో సిస్టమ్32 ఫోల్డర్లోనే మొదలవుతుంది. కమాండ్ ప్రాంప్ట్ ముందు తానున్న ఫోల్డర్లో వెతికి, అక్కడ లేకపోతేనే పాత్ చూస్తుంది. పింగ్ పక్కనే ఉంది కాబట్టి దొరికింది, పాత్ జోలికే పోలేదు. మామూలుగా తెరిస్తే విండో యూజర్ ఫోల్డర్లో మొదలవుతుంది, అక్కడ పింగ్ ఉండదు. మీవాడు స్క్రీన్ మీద ఉన్న ఫోల్డర్ పేరు ఒక్కసారి చదివి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

అప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పేజీ తెరిచాం. పైన యూజర్ పాత్, కింద సిస్టమ్ పాత్. పైథాన్ యూజర్ జాబితాలో ఉంది కాబట్టే బతికిపోయింది. కింది జాబితాలో ఉన్నది ఒకే ఒక్క వరస: ఎఫ్ డ్రైవ్‌లోని టూల్స్ ఫోల్డర్. మా కంప్యూటర్లో సీ ఉంది, డీ ఉంది, డీవీడీ డ్రైవ్ ఈ. ఎఫ్ డ్రైవ్ అనేదే లేదు. అది మీ కుర్రాడి పెన్‌డ్రైవ్. దాన్ని జేబులో వేసుకుని వెళ్తూ, విండోస్ సొంత ఫోల్డర్లు, మావాడి జావా ఫోల్డర్ తీసేసి, తన పెన్‌డ్రైవ్ చిరునామా మాత్రం మా ఇంట్లో వదిలిపోయాడు.

ఆ పెన్‌డ్రైవ్‌లోని బ్యాచ్ ఫైలు నేను చూడలేదు. మావాడి అంచనా ఏమిటంటే, అందులో సెట్‌ఎక్స్ కమాండ్‌తో పాత్ మార్చారు. ఆ కమాండ్ ఉన్నదానికి కలపదు, ఉన్నది తీసేసి ఇచ్చింది పెడుతుంది. పాత జాబితాని కూడా జోడించి రాసినా, 1024 అక్షరాలు దాటితే మిగతాది కోసేస్తుందట. అదే ఫైలు మీ టెక్నీషియన్లందరి జేబుల్లో తిరుగుతుంటే, పింగ్ ఎప్పుడూ కొట్టి చూడని ఇళ్లలో ఇది ఎవరికీ తెలియకుండానే ఉండి ఉంటుంది.

మూడోసారి ఫోన్ చేస్తే మీవాళ్లు చెప్పిన మందు: ఫార్మాట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి, 1,500 రూపాయలు. పాత విండోస్‌కి వెనక్కి వెళ్దామంటే దానికున్న గడువు పది రోజులు, అది అప్పటికే దాటిపోయింది. మొదటి ఫోన్‌లోనే ఎవరైనా సరిగ్గా విని ఉంటే ఆ దారైనా మిగిలేది.

చివరికి మా చెల్లెలి లాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టుకుని, దానిలో ఉన్న వరసలు చూసి మాదాంట్లో టైప్ చేశాం. విండోస్ ఫోల్డర్, సిస్టమ్32, దానిలోని డబ్ల్యూబెమ్, పవర్‌షెల్, ఓపెన్ ఎస్ఎస్‌హెచ్, ఆ తర్వాత జావా బిన్ ఫోల్డర్. ఓకే నొక్కి పింగ్ కొడితే మళ్లీ అదే పాట. ఇద్దరికీ టెన్షన్ పట్టుకుంది. ముందే తెరిచి ఉన్న విండో పాత జాబితానే పట్టుకుని ఉంటుందని తర్వాత తెలిసింది. మూసి కొత్తది తెరిస్తే పింగ్ పలికింది, జావాసీ పలికింది. బ్యాకప్ ఫైలు నొక్కితే వరసలు పరిగెత్తాయి. మొత్తం ఇరవై నిమిషాల పని.

నేను అడుగుతున్నవి ఇవి. సర్వీస్ ఛార్జీ 1,800 వెనక్కి ఇవ్వండి. ఎస్ఎస్‌డీ, ర్యామ్ డబ్బు అడగడం లేదు, అవి బాగున్నాయి. మీ రికార్డులో 'పరిష్కారమైంది' అన్నచోట 'కస్టమరే సరిచేసుకున్నారు' అని దిద్ది, ఆ కాపీ నాకు పంపండి. ఆ బ్యాచ్ ఫైలు వాడటం ఆపి, దానితో పనిచేసిన మిగతా ఇళ్లకి మీరే ఫోన్ చేసి సిస్టమ్ పాత్ చూడమనండి. స్టార్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్లో నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను. సిస్టమ్ పాత్‌లో ఎఫ్ డ్రైవ్ వరస ఒక్కటే ఉన్నప్పటి స్క్రీన్ ఫొటో, మీ మెసేజ్, బిల్లు ఈ ఉత్తరంతో ఉన్నాయి. ఆ వరస మాత్రం ఇంకా తీయలేదు. మీవాళ్లు వచ్చి చూస్తామంటే చూపించడానికి అలాగే ఉంచాను.

ఇట్లు,
మీ కస్టమర్