పాత ర్యాక్ మాడ్యూల్ కొనేముందు

సంపాదకులకు,
హన్మకొండ, కాజీపేటల్లో మన యాసలో ర్యాప్ కడుతున్న పిల్లలకు ఒక మాట. ర్యాక్ మాడ్యూల్ అంటే కీబోర్డు లేని శబ్దాల పెట్టె; బయటి కీబోర్డు, కంప్యూటర్ మిడి (వాయిద్యాలకు స్వరాల ఆదేశాలు పంపే పద్ధతి) ద్వారా దాన్ని పలికిస్తాయి. ఈ-ము కంపెనీ మో'ఫ్యాట్ లాంటి హిప్-హాప్ మాడ్యూల్‌లో 16 మిడి ఛానళ్లు ఉంటాయి, ఒకేసారి 64 స్వరాలు పలుకుతాయి. బేస్ అయితే గుండెల్లో గుద్దినట్టుంటది. కానీ శబ్దాలన్నీ కొత్తవి నింపుకునే రామ్‌లో కాదు, మార్చలేని రోమ్‌లో ఉంటాయి. మీ డప్పు మోత అందులోకి ఎక్కదు. దానికి బయటి శబ్దాన్ని రికార్డు చేసి వాయించే శాంప్లర్ కావాలి.

కొనేముందు డేటా చక్రాన్ని ఒక్కో మెట్టు మెల్లగా తిప్పండి. అంకె 41 నుంచి 42కు పోకుండా 40కి దూకితే ఎన్‌కోడర్ (చక్రం ఎటు తిరిగిందో పసిగట్టే భాగం) అరిగినట్టే. విదేశీ సరుకైతే వెనక వోల్టేజీ చీటీ చదవండి. 110 అని మాత్రమే ఉంటే మన 230 సాకెట్‌లో నేరుగా పెట్టొద్దు, సప్లై కాలిపోతది. చౌక యూఎస్‌బీ-మిడి కేబుల్‌తో మాడ్యూల్ సెట్టింగుల బ్యాకప్ తీస్తే పెద్ద సిసెక్స్ ఫైలు (మిడి ద్వారా వచ్చే ఆ సెట్టింగుల డేటా) మధ్యలో తెగొచ్చు.

– సౌండ్ పరికరాల మరమ్మతుదారులు, హన్మకొండ