అలంపురంలో మనం చూడకుండా వచ్చేస్తున్న గుళ్లు

సంపాదకులకు నమస్కారం.

అలంపురం వెళ్లినవాళ్లలో ఎక్కువమంది జోగులాంబ అమ్మవారిని, బాలబ్రహ్మేశ్వరస్వామిని దర్శించుకుని, ప్రసాదం తీసుకుని బండెక్కేస్తారు. కిందటి నెలలో ఒక ఉదయం నేను స్వర్గబ్రహ్మ ఆలయం గోడ దగ్గర నిలబడి ఉండగా, అలాగే తిరిగి వెళ్తున్న ఒక కుటుంబం ఆగింది. "ఇందులో పూజ జరుగుతుందా అమ్మా?" అని అడిగింది ఆ ఇల్లాలు. జరగదన్నాను. "పూజే లేకపోతే ఇక చూడటానికి ఏముంది" అనుకుంటూ వెళ్లిపోయారు.

వాళ్లను తప్పుపట్టను. చూడటానికి ఏముందో తెలుగులో వివరించే పలక ఆ దారిలో నాకు కనబడలేదు. కనబడినదల్లా ఇది రక్షిత కట్టడమనీ, పాడుచేస్తే శిక్ష తప్పదనీ చెప్పే హెచ్చరిక. ఆ హెచ్చరిక ఉండాల్సిందే. కానీ ఆ రాళ్ల విలువేమిటో చెప్పకుండా పాడుచేయవద్దని మాత్రమే చెబితే ఎవరి మనసుకు ఎక్కుతుంది?

ఆ ఇల్లాలు ఇంకొంచెం సేపు ఆగి ఉంటే నేను చెప్పి ఉండేది ఇది.

ఇక్కడి తొమ్మిది గుళ్లను నవబ్రహ్మాలయాలంటారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు. పేర్లన్నీ బ్రహ్మవే, గుళ్లన్నీ శివుడివి. ఆ పేర్లు మూలికల పేర్లనీ, వాటి వెనుక, లోహాలను బంగారంగా మార్చే విద్య తెలిసిన రససిద్ధుడి కథ ఉందనీ స్థానికులు చెప్పుకుంటారు. ఆ కథ వినదగ్గదే. దాంతోపాటు రాతి మీద ఉన్న సంగతి కూడా తెలియాలి. ఇవి బాదామి చాళుక్యుల కాలంలో, 7, 8 శతాబ్దాల్లో కట్టినవి. స్వర్గబ్రహ్మ ఆలయాన్ని 681 నుంచి 696 వరకు పాలించిన వినయాదిత్యుడి కాలంలో, రాణి గౌరవార్థం లోకాదిత్య ఎళ అరస కట్టించాడని శాసనం చెబుతోంది. పదమూడు వందల ఏళ్ల కిందట కట్టించినవాడి పేరు ఇంకా ఆ రాతి మీదే ఉంది. మనం ఆ రాతికి ఆనుకుని నిలబడి ఫోనులో ఫొటో తీసుకుని వచ్చేస్తున్నాం.

ఇక శిఖరాలు. తారకబ్రహ్మ ఒక్కటి మినహాయిస్తే మిగిలినవాటికి తెలుగునేల మీద అరుదుగా కనిపించే రేఖానాగర శిఖరాలు. మన గోపురాల్లా అంతస్తులుగా పేర్చినట్లు కాకుండా, కింది నుంచి లోపలికి వంగుతూ పైకి లేచి, ఉసిరికాయను తలపించే ఆమలకం దగ్గర ఆగుతాయి. ఇలాంటి శిఖరాల కోసమే మనవాళ్లు బస్సులు మాట్లాడుకుని కర్ణాటకలోని పట్టదకల్ వెళ్తారు. వెళ్లాల్సిన చోటే అది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అయితే అదే రాజవంశం కట్టించిన గుళ్లు, పట్టదకల్‌లోని ప్రసిద్ధ విరూపాక్షాలయం కన్నా ముందే లేచినవి, కర్నూలుకు గంట ప్రయాణం కూడా లేని దూరంలో ఉన్నాయి. స్వర్గబ్రహ్మ గోడల మీది దిక్పాలకులను, చిల్లులు తొలిచిన రాతి కిటికీలను, విశ్వబ్రహ్మ ఆలయంలోని ఇతిహాస ఘట్టాలను తీరిగ్గా చూడాలంటే ఒక పూట సరిపోదు. పక్కనే ఉన్న మ్యూజియంలోకి వెళ్తే మధ్యాహ్న భోజనం మాటే గుర్తుకురాదు.

అలంపురాన్ని శ్రీశైలానికి పశ్చిమ ద్వారమని మన పెద్దలు ఎందుకన్నారో, తుంగభద్ర ఇక్కడ ఉత్తరానికి పారడాన్ని ఎందుకంత పవిత్రంగా భావించారో, అమ్మవారి పాత ఆలయం పోయాక విగ్రహం ఎన్నో తరాలు బాలబ్రహ్మ ఆలయంలో ఉండి 2005లో కొత్త ఆలయానికి ఎలా చేరిందో కూడా భక్తులకు తెలియాలి. ఇవి తెలిస్తే భక్తి తగ్గదు. ఇంతకాలం ఆ దీపాన్ని ఎవరు ఆరకుండా కాపాడారో తెలుసుకున్నవాళ్లు దండం పెట్టే తీరే వేరుగా ఉంటుంది.

నేను ముఖ్యంగా రాయదలచుకున్నది మరొకటి. అలంపురం చరిత్ర చాళుక్యులతో ముగియలేదు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు వందకు పైగా ఊళ్లు ముంపులోకి వెళ్లాయి. వాటితోపాటు ఎన్నో గుళ్లు. కృష్ణా తుంగభద్రల కూడలిలో కూడవెల్లి దగ్గర ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, తెచ్చి, అలంపురం పొలిమేరలో మళ్లీ నిలబెట్టారు. పాపనాశి దగ్గరి ఇరవైకి పైగా ఆలయాలనూ అలాగే తరలించారు. నీళ్లు అలంపురాన్ని ముంచెత్తకుండా నదికీ గుళ్లకూ మధ్య కట్ట కట్టారు. ఇప్పుడు గుళ్ల ముందు నిలబడి చూస్తే నది కాదు, ఆ కట్టే కనిపిస్తుంది. అది ఎందుకు వచ్చిందో తెలియని పిల్లలకు, ఈ గుళ్లను గుంటలో ఎందుకు కట్టారా అని అనుమానం వస్తుంది. ఒక పాఠశాల పిల్లవాడు నన్ను సరిగ్గా అదే అడిగాడు.

గుడి కదిలింది, సరే. ఆ గుడి చుట్టూ ఉన్న ఊరు ఏమైంది? సంగమేశ్వరుడి సన్నిధిలో పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు, అక్కడి జాతరలకు బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు, రాళ్లు విప్పుతుంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. అప్పుడు ఇరవై ఏళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. వాళ్ల ఇంటి గడప నీళ్లలో ఉంది, వాళ్ల దేవుడు మాత్రం గట్టెక్కాడు. ఏడో శతాబ్దపు సంగతి చెప్పడానికి శాసనం ఉంది. ఈ సంగతి చెప్పడానికి ఉన్నది ఆ మనుషులే.

అందుకే సంబంధిత శాఖలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. ప్రతి గుడి ముందు, చదవగలిగే సైజు అక్షరాలతో, సరళమైన తెలుగులో ఒక పలక పెట్టండి. ఎవరు కట్టించారు, ఎప్పుడు, ఏ శిల్పం దగ్గర ఆగి చూడాలి, ఈ మూడు చాలు. శాసనం ఉన్నచోట దాని పాఠాన్ని, ఇప్పటి తెలుగులో దాని అర్థాన్ని పక్కనే ఇవ్వండి. ఊళ్లో చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చి, గంట సేపు గుళ్లన్నీ తిప్పి చూపే పని అప్పగించండి. వాళ్లకు ఉపాధి, వచ్చినవాళ్లకు తోడు. అర్చకుల మీద ఈ భారం వేయకూడదు, రద్దీ రోజుల్లో వాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు.

వీటిలో పలకలు వచ్చే ఏడాది పెట్టినా నష్టం లేదు, రాళ్లు ఎక్కడికీ పోవు. ముంపు గ్రామాల పెద్దల మాటలు రికార్డు చేసే పని మాత్రం ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలు కావాలి. చుట్టుపక్కల కళాశాలల చరిత్ర విద్యార్థులు ఎవరైనా ముందుకొస్తే, అలాంటి పెద్దలు కొందరు ఉన్న ఇళ్లు నాకు తెలుసు. నేనే వెంట తీసుకువెళ్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కర్నూలు