కుడి సీటుకి స్కేలు ఎక్కడుంది?

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట ఆదివారం మీ కెరీర్ పేజీలో 'బిజినెస్ జెట్ కోపైలట్‌కి నెలకు నాలుగు లక్షలు' అన్న హెడ్డింగు చూశాను. ఆ రోజే రాద్దామని కాగితం తీశాను. కోపం మీద ఉత్తరాలు రాయొద్దని మా ఆవిడ లాగేసుకుంది. పది రోజులు ఆగాను. కోపం తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను ఆర్టీసీ జీతాల సెక్షన్‌లో ముప్పై రెండేళ్లు పనిచేశాను. డ్రైవర్ బేసిక్ ఎంత, డీఏ ఎంత, నైటవుట్ ఎంత అన్నది డిపో గోడ మీద అంటించిన సర్క్యులర్‌లో ఉండేది. పాలకొండలో బస్సు తోలినా పలాసలో తోలినా ఒకటే స్కేలు. ఆ అలవాటు కొద్దీ విమానాలకీ ఏదో స్కేలు ఉంటుందనే అనుకున్నాను. మా మేనల్లుడు బేగంపేటలో విమానాలు అద్దెకి తిప్పే ఒక చార్టర్ కంపెనీలో కుడి సీట్లో, అంటే కోపైలట్‌గా, చేరాక తెలిసింది, అక్కడ స్కేలూ లేదు, అంటించడానికి గోడా లేదు.

మొదటి నెల పేస్లిప్పు వాడు నాకు వాట్సాప్‌లో పంపాడు, "మామయ్యా, ఇదేదో నువ్వే చూసి చెప్పు" అని. మూడే లైన్లు. బేసిక్, ఫ్లయింగ్ అలవెన్సు, ఆ కింద మైనస్ గుర్తుతో 'ట్రైనింగ్ రికవరీ'. చేతికొచ్చింది 58 వేల చిల్లర. ఆ నెల వాడు ఎగిరింది పదకొండు గంటలు. అదే హ్యాంగర్‌లో పక్కనే నిలబడే పెద్ద జెట్‌లో కుడి సీటు కుర్రాడికి మూడున్నర లక్షలట. ఇద్దరి దగ్గరా ఉన్నది కేంద్ర విమానయాన నియంత్రణ ఆఫీసు, డీజీసీఏ, ఇచ్చిన ఒకే రకం లైసెన్సు. మీ వాళ్లు రెండో కుర్రాడిని అడిగి, ఇంకొంచెం కలిపి, అందరికీ అంతేనని రాసేశారు.

తేడా ఎందుకో మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. 'అనుభవాన్ని బట్టి' అని ఊరుకున్నారు. అనుభవం తర్వాతి మాట. లైసెన్సు వచ్చినంత మాత్రాన ఏ విమానం పడితే అది నడపనివ్వరు, ఆ రకానికి విడిగా టైప్ రేటింగ్ చేయాలి. ఎయిర్‌బస్ ఎ320కి చేస్తే దేశంలో ఆ విమానాలు వందల్లో ఉన్నాయి, ఒకరు కాకపోతే ఇంకొకరు పిలుస్తారు. బిజినెస్ జెట్లు అలా కావు. సైటేషన్, హాకర్, ఫాల్కన్, ఛాలెంజర్, గల్ఫ్‌స్ట్రీమ్, ఎవరి సరదా వాళ్లది. ఒక్కో రకం దేశం మొత్తం మీద గుప్పెడు. వాటిలో చాలావాటికి నేల మీదే విమానం నడపడం నేర్పే సిమ్యులేటర్లు ఇక్కడ లేవు, దుబాయో అమెరికాయో పోవాలి, ఫీజు డాలర్లలో. ఆ డబ్బు కంపెనీ పెడితే ఇన్నేళ్లు మానకూడదని బాండ్ రాయించుకుంటుంది, రికవరీ అని జీతంలో కోస్తుంది. మనమే పెట్టుకుంటే, రేపు యజమాని ఆ విమానం అమ్మేసిన రోజున ఆ రేటింగ్ ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవడానికే.

ఇక యజమానిని బట్టి ఇంకో లెక్క. సొంత పనులకి విమానం ఉంచుకున్న పెద్ద ఫ్యాక్టరీల వాళ్లు మనిషి నిలబడాలని నెల జీతం బాగానే ఇస్తారు. చార్టర్ వాళ్లు బేసిక్ కొంచెం పెట్టి మిగతాది గంటలకి ముడేస్తారు. ఎన్నికలొస్తే గంటలే గంటలు. ఎన్నికలైపోయాక విమానానికి కవరు కప్పి, వీణ్ణి ఇంట్లో కూర్చోబెడతారు. 2023లో ఎయిరిండియా తన పైలట్లకి ఎగిరినా ఎగరకపోయినా నెలకు 40 గంటల అలవెన్సు గ్యారంటీ ఇచ్చింది, అంతకుముందు అది 20 గంటలు. మావాడి కాగితంలో గ్యారంటీ అన్న మాట బాండ్ క్లాజులో తప్ప ఎక్కడా లేదు.

నా పాత వృత్తి కొద్దీ ఒక లెక్క వేశాను. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు చాలు. కెప్టెన్ కావడానికి కావలసిన పెద్ద లైసెన్సు, ఏటీపీఎల్ అంటారు, దానికి 1500 గంటలు కావాలి. మధ్యలో 1300. ఎయిర్‌లైన్‌లో నెలకు 65 గంటలు పడితే ఇరవై నెలల్లో అయిపోతాయి. చార్టర్‌లో నెలకు ఇరవై పడితే 65 నెలలు, అంటే అయిదున్నరేళ్లకి ఒక నెల తక్కువ. ఇవ్వాళ జీతం తక్కువ కావడం ఒకటి, రేపు పెరగాల్సిన జీతం కూడా అంత దూరం జరిగిపోవడం ఇంకొకటి.

వాడు చేసే పని సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పాడు. విమానం అద్దెకి తీసుకున్నవాళ్లు ఎనిమిదింటికి వస్తామంటే వీడు అయిదింటికల్లా హ్యాంగర్‌లో ఉండాలి. బ్రెత్ అనలైజర్ ఊదాలి. ఫ్లైట్ ప్లాన్ వేసి ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తెచ్చుకోవాలి. విమానానికి తొడిగిన, ఎర్ర రిబ్బన్లు వేలాడే తొడుగులన్నీ విప్పి లెక్కపెట్టుకోవాలి. చిన్న జెట్‌లో ఎయిర్‌హోస్టెస్ ఉండదు కాబట్టి ఐసు డబ్బా, ఇడ్లీల హాట్‌ప్యాకు, ఫ్లాస్కులు సర్దేదీ ఈయనే, గ్లాసుల మీద వేలిముద్రలు తుడిచేదీ ఈయనే, పెద్దలు దిగిపోయాక సీట్ల సందుల్లో జీడిపప్పులు ఏరేదీ ఈయనే. నలభై అయిదు నిమిషాల్లో తిరుపతి. అక్కడ దర్శనం అయ్యేదాకా తొమ్మిది గంటలు పడిగాపులు. అలవెన్సు మాత్రం విమానం కదిలిన క్షణం నుంచి ఆగిన క్షణం దాకానే. మా డ్రైవర్లకి బస్సు ఆగినచోట పడుకున్నా నైటవుట్ ఇచ్చేవాళ్లం సార్!

పని తప్పని నేననను. చిన్న పనులు చేస్తే ఎవరూ చిన్నవాళ్లు కారు. కానీ వాణ్ణి పైలట్ చేయడానికి మా బావగారు రెండెకరాల జీడితోట అమ్మి, ఇంటి మీద లోను తీసి, అరవై లక్షలు పోశారు. ఆ తోట అమ్మించింది ఇలాంటి వ్యాసమే. అప్పట్లో ఇంకో పత్రిక, ఇప్పుడు మీరు. మీ వ్యాసం వెనక పేజీలో ఫ్లయింగ్ కోర్సుల ప్రకటన ఫుల్ పేజీ. కాకతాళీయమనే అనుకుందాం. 2022లో 1165 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చిన డీజీసీఏ, 2023లో 1622 ఇచ్చింది. ఇంతమంది కుర్రాళ్లు అప్పులతో బయటికొస్తే, ఎంతిచ్చినా సరే అని కుడి సీట్లో కూర్చునేవాడు దొరక్కపోతాడా? ఎదురు డబ్బిచ్చి కూర్చున్నవాళ్లూ ఉన్నారంటాడు మావాడు.

డీజీసీఏ వారి సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. పైలట్లు ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించకూడదని 2023లో రూలు పెట్టిన మహా జాగ్రత్తపరులు. కోపైలట్ మానాలంటే ఆరు నెలల ముందు నోటీసివ్వాలని 2017లోనే పెట్టారు. మావాడి అపాయింట్‌మెంట్ ఆర్డరులో మాత్రం, కంపెనీ తీసేయాలంటే ఒక నెల చాలు. ఇదేమిటని అడిగే నాథుడు లేడు. 2011లో దొంగ మార్కుల జాబితాలతో లైసెన్సులు తెచ్చుకున్నవాళ్లు పట్టుబడేదాకా ఈ ఆఫీసు ఏం చేసిందో కూడా చూశాం. పైలట్ల విశ్రాంతి రూల్సు అమలుకొచ్చి 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో ఆగిపోతే గానీ పైలట్ కూడా నిద్రపోతాడని ఈ దేశానికి గుర్తురాలేదు.

జీతం వాళ్ల గొడవ, మనకెందుకంటారా? 2023 సెప్టెంబరు 14న మన విశాఖ నుంచి బయల్దేరిన చిన్న జెట్ ముంబైలో జోరువానలో రన్‌వే మీంచి జారి విరిగిపోయింది. ఎనిమిది మందీ బతకడం అదృష్టం. హెలికాప్టర్లు కూలి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారిని 2002లో కైకలూరు దగ్గర, ముఖ్యమంత్రి వైఎస్‌ని 2009లో నల్లమలలో పోగొట్టుకున్నాం. నల్లమలలో పైలట్లు ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక తాలూకు చెక్‌లిస్టు వెతుక్కుంటూ దారి మీద ధ్యాస తప్పారని విచారణ కమిటీ తేల్చింది. వీటిలో దేనికీ జీతంతో ముడిపెట్టను, అది అన్యాయం. నా ప్రశ్న వేరే. మబ్బు పట్టింది, వెనక సీట్లో వీఐపీ తొందరపెడుతున్నాడు, పక్కన కెప్టెన్ వెళ్దామంటున్నాడు. మూడేళ్ల బాండు, రికవరీ, ఇంటి లోను నెత్తిన పెట్టుకున్న పాతికేళ్ల కుర్రాడు "వద్దు సార్, వెనక్కి తిప్పుదాం" అనగలడా? మావాణ్ణి అడిగాను. నవ్వి, గారెలు ఇంకో రెండు వేసుకున్నాడు.

మా ఉత్తరాంధ్ర నుంచి అశోక్ గజపతిరాజు గారు విమానయాన మంత్రిగా చేశారు, ఇప్పుడు రామ్మోహన్ నాయుడు గారు చేస్తున్నారు. ఊరికో విమానాశ్రయం అంటున్నారు, సంతోషం. చార్టర్ కంపెనీలన్నీ కోపైలట్‌కి కనీసం ఎంత ఇస్తున్నాయో, నెలకు ఎన్ని గంటలకి గ్యారంటీ ఉందో, బాండు ఎన్నాళ్లో డీజీసీఏ వెబ్‌సైట్‌లో పెట్టించమనండి. డిపో గోడ మీద మేం అంటించినట్టే. పైసా ఖర్చు లేదు, మైదాపిండి కూడా అక్కర్లేదు.

మీరు కూడా ఆ హెడ్డింగు ఎంత సైజులో వేశారో సవరణ అంత సైజులో వేయండి.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి,
విజయనగరం

తా.క.: వ్యాసంలో 'కోపైలట్' అని వేసిన ఫొటోలో మనిషి ఎడమ సీట్లో ఉన్నాడు, భుజం మీద నాలుగు చారలు. ఆయన కెప్టెన్ అండీ.