మడ బురదకు ఒక్క శీతాకాలం పరీక్ష చాలదు

సంపాదకుడికి,

కోరంగిలో, కృష్ణా ముఖద్వారంలో మడ మొక్కలు ఎన్ని నాటారన్న లెక్క పత్రికల్లో వస్తూనే ఉంటుంది. వాటి కింది బురదలో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందన్న సంగతిని మాత్రం పడవ సులువుగా తిరిగే డిసెంబరు, జనవరిలో తీసిన నాలుగు సంచుల మట్టితో తేల్చేసే అలవాటు పోవాలి.

గోదావరి ముఖద్వారంలో జూలై నుంచి అక్టోబరు దాకా వరద ఉప్పును కడిగేసి కొత్త ఒండ్రు పరుస్తుంది. ధవళేశ్వరం గేట్లు దించాక మంచినీరు దాదాపు ఆగిపోతుంది. ఏప్రిల్, మే నాటికి కాలువల్లో సముద్రపు ఉప్పే, పోటు సరిగా అందని పర్రల్లో (ఉప్పు నేలల్లో) అంతకు మించి. ఈ రెండు కాలాల బురదలో బ్యాక్టీరియా పాళ్లు ఒకేలా ఉండవు.

పార దించి చూస్తే పైన గోధుమరంగు పొర కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. ఆక్సిజన్ అంతవరకే. కింద నల్లటి బురద, కుళ్లిన కోడిగుడ్డు వాసన. సల్ఫేటుతో బతికే బ్యాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడు వాసన అది. అదే ఇనుముతో కలిసి బురదను నల్లబరుస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది కాబట్టి వేసవిలో వీటిదే పైచేయి. వరదకు సల్ఫేటు పలచబడితే మీథేన్ తయారుచేసే ఆర్కియా అనే, బ్యాక్టీరియాలాంటి సూక్ష్మజీవులకు సందు దొరుకుతుంది. జనవరిలో కనిపించని మీథేన్ సెప్టెంబరులో బయటపడవచ్చు. మడ అడవులు దాచే కార్బన్ లెక్కలో, భూమిని వేడెక్కించే ఈ కార్బన్ వాయువు చిన్న తేడా కాదు.

మట్టి తీసేది ఆటు వేళ, ప్రతిసారీ అదే జీపీఎస్ గుర్తు దగ్గర, కనీసం మూడు చోట్ల. పీత బొరియకు జానెడు దూరం పాటించాలి, గాలి తగిలే బొరియ గోడలో ఉండే జీవులే వేరు. 0–5, 5–15 సెంటీమీటర్ల పొరలను విడిగా కట్టాలి. ఉప్పు, పీహెచ్, రెడాక్స్ (మట్టిలో ఆక్సిజన్ కరువును చూపే విద్యుత్ కొలత) అక్కడికక్కడే కొలవాలి.

ఇక ఆ మట్టి హైదరాబాద్ ల్యాబుకు చేసే ప్రయాణం. కాకినాడలో సాయంత్రం రైలెక్కిన థర్మోకోల్ పెట్టెలో ఐసు కరిగిందా, తెల్లారేసరికి వేగంగా పెరిగే రకాలు మిగతావాటిని కప్పేస్తాయి. ల్యాబు ఎంత గొప్పదైనా చూసేది ఆ రాత్రి పెరిగినదాన్నే. అందుకే డీఎన్‌ఏను నిలిపే ద్రావణంలో మట్టిని ఒడ్డునే కలిపి పంపడం మేలు.

డీఎన్‌ఏను వేరుచేసే కిట్‌లోకి వెళ్లేది పావు గ్రాము మట్టి మాత్రమే. కుళ్లిన ఆకుల హ్యూమిక్ ఆమ్లాలు, డీఎన్‌ఏ ప్రతులను పెంచి చూసే పీసీఆర్‌ను అడ్డుకుంటాయి కనుక, పదింతలు పలచన చేసి చూడకుండా ‘బ్యాక్టీరియా లేదు’ అని రాయకూడదు. పైగా డీఎన్‌ఏ అక్షరాలను చదివే సీక్వెన్సింగ్ ఇచ్చేది శాతాలే. ఒక రకం పెరిగితే, మరొకటి ఉన్నంతే ఉన్నా తగ్గినట్టు కనిపిస్తుంది. బ్యాక్టీరియా అన్నిటిలో ఉండే 16ఎస్ జన్యు ప్రతుల సంఖ్యను, ప్రతులను లెక్కగట్టే పీసీఆర్ అయిన క్యూపీసీఆర్‌తో విడిగా లెక్కించాల్సిందే.

ప్రజాధనంతో సాగే మడ పనులకు ఏప్రిల్–మే, ఆగస్టు–సెప్టెంబరు, నవంబరు, జనవరి నాలుగు విడతల పరీక్షను కనీసం రెండేళ్లు తప్పనిసరి చేయాలి. ఒక ఏటి వరద మరో ఏటిలా ఉండదు. తేదీ, ఆటుపోటు స్థితి, ఉప్పు అంకె లేని నివేదికను అటవీశాఖ వెనక్కి పంపాలి. మొక్కలకు పోటు నీరు అందించేందుకు చేపముల్లు ఆకారంలో తవ్విన కాలువల పూడిక ఎప్పుడు తీశారో కూడా అందులో ఉండాలి. కాలువ పూడితే పోటు అందక ఉప్పు పేరుకుని తెల్లమడ మొక్క ఎండుతుంది, మట్టిలో మార్పు రుతువుదో పూడికదో అప్పుడు ఎవరూ చెప్పలేరు.

— సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకులు, తార్నాక, హైదరాబాద్