మా పాప వణుకు తగ్గింది: గుంటూరు పెద్దాసుపత్రి పిల్లల వార్డుకు మా కృతజ్ఞతలు

మా పాప మళ్లీ కూర్చుంటోంది. పిలిస్తే తిరిగి చూస్తోంది. వాళ్ల నాన్న బండి చప్పుడు వినగానే గుమ్మం వైపు పాకేస్తోంది. చేతుల వణుకు పూర్తిగా పోయింది. దీనికి కారణం గుంటూరు పెద్దాసుపత్రి పిల్లల వార్డు డాక్టర్లు, సిస్టర్లు, పట్టుబట్టి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లిన మా వీధి ఆశా అక్క. వాళ్లకు నలుగురి ముందూ దండం పెట్టాలనే ఈ పోస్టు. కాస్త పెద్దదే, కానీ ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లు చివరిదాకా చదవండి.

మాది నరసరావుపేట. ఇంట్లో గుడ్డు, మాంసం ముట్టం. పాప పుట్టినప్పటి నుంచీ నా పాల మీదే పెరిగింది. ఆరో నెల దాటాక ఉగ్గు, మెత్తటి పప్పన్నం పెట్టబోతే నోరు బిగించేసేది. చూడ్డానికి బొద్దుగానే ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత మెల్లగా నవ్వడం మానేసింది. చక్కగా కూర్చునే పిల్ల పక్కకి ఒరిగిపోయేది. మొహం పాలిపోయింది, జుట్టు పలచబడి రాగి రంగుకి తిరిగింది. ఒకసారి జ్వరం వచ్చి తగ్గాక చేతులు, తల వణకడం మొదలైంది. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. ఒకచోట ఫిట్స్ అనుకుని సిరప్ రాసిచ్చారు. వాడినా వణుకు అలాగే ఉంది. ఆ రోజుల టెన్షన్ గురించి ఎక్కువ రాయలేను.

టీకాల రోజు పాపని చూసి ఆశా అక్క, "ఇది ఉత్త నీరసం కాదమ్మా, గుంటూరు పదండి, నేనూ వస్తా" అని మాతో పాటే బస్సెక్కింది. సొంత పిల్లలకి పరీక్షలు జరుగుతున్న వారం అది. అక్కా, నీ రుణం మేం తీర్చుకోలేం.

వార్డులో డాక్టరమ్మ గారు ముందు స్కానింగ్ మాట ఎత్తలేదు. పాప చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, చిన్న వేళ్లు మడిచి కణుపులు చూశారు. అక్కడ చర్మం నల్లగా ఉంది, మేం ఎండకి అనుకున్నాం. "నిద్రలో కూడా వణుకుతుందా?" అని అడిగారు. మా ఆయన ఫోన్లో పాప నిద్రపోతున్న వీడియో ఉంది, అందులో ఒక్క వేలు కూడా కదలడం లేదు. ఆవిడ దాన్ని రెండోసారి చూసి, నా వైపు తిరిగి, "ఏదమ్మా, నీ నాలుక చూపించు" అన్నారు. నా నాలుక ఎర్రగా, నున్నగా ఉంది. నోరు మండి నేను కారం మానేసి చాలా కాలమైంది. పాలు తాగుతావా, పెరుగు ఎంత వేసుకుంటావు అని కూడా అడిగారు. పాలు నాకు చిన్నప్పటి నుంచీ పడవు, అన్నంలోకి నీళ్ల మజ్జిగే.

రక్త పరీక్షలో ఇద్దరికీ విటమిన్ బీ12 బాగా తక్కువని తేలింది. పాపకి రక్తం తక్కువ, పైగా ఎర్ర కణాలు మామూలు కంటే పెద్దవిగా ఉన్నాయి. ఈ జబ్బుని ఇన్‌ఫంటైల్ ట్రెమర్ సిండ్రోమ్ అంటారట, ఎక్కువగా ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో కనిపిస్తుందట. బీ12 మనకు పాలు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే వస్తుంది. కూరగాయల్లో, పప్పుల్లో ఉండదు. తల్లి ఒంట్లో తక్కువైతే తల్లిపాలలోనూ తగ్గిపోతుంది, మెదడు ఎదిగే వయసులో బిడ్డకి సరిపడా అందదు. 1962లోనే వెల్లూరు సీఎంసీ డాక్టర్లు తల్లిపాల మీదే ఉన్న పిల్లల్లో ఈ లోపం గురించి రాశారని ఆవిడ చెబితే నాకు చాలా బాధేసింది. ఇంతకాలంగా తెలిసిన సంగతి మా ఇంటిదాకా ఎందుకు రాలేదు? కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చిన మాత్రలు ఒక్కటీ మానకుండా మింగాను. వాటిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, బీ12 ఉండదు.

బీ12 ఇంజెక్షన్లు తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు, వణుకుకి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. "వణుకు ముందు కాస్త పెరగొచ్చు, తగ్గడానికి వారాలు పడుతుంది, భయపడకండి. ముందు మొహంలో తేడా కనిపిస్తుంది" అని సిస్టర్ గారు ముందే చెప్పి ఉంచారు. సరిగ్గా అలాగే జరిగింది. వణుకు ఇంకా ఉండగానే ఒక పొద్దున సిస్టర్ గారి గాజులు చూసి నవ్వింది. మా అత్తగారు వార్డులోనే ఏడ్చేశారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. గుడ్డు పెట్టమన్నారు, మా ఇంట్లో గుడ్డు తినం అని చెప్తే విసుక్కోలేదు. పాలు, పెరుగు ఎలా అలవాటు చేయాలో, బీ12 చుక్కలు ఎలా వేయాలో మా అత్తగారిని కూర్చోబెట్టి చెప్పారు. నాకూ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. చుట్టాల మాటలు విని వెళ్లిన నాకు అదే సగం వైద్యం.

పసిపిల్లల వణుకంతా ఇదే అనుకోకండి. పుట్టిన కొత్తలో ఒంట్లో చక్కెర, కాల్షియం తగ్గినా వణుకుతారట, దానికి వెంటనే వైద్యం కావాలి. ఉత్త వణుకైతే చెయ్యి మెల్లగా పట్టుకుంటే చాలాసార్లు ఆగుతుంది, ఫిట్స్ ఆగవు. ఏదైనా సరే, ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి, నిద్రలో ఎలా ఉందో కూడా తీయండి. శాకాహారులైన గర్భిణులు, పాలిచ్చే తల్లులు బీ12 పరీక్ష గురించి డాక్టర్ని అడగండి.

డాక్టరమ్మా, వచ్చే వారం రివ్యూకి వస్తున్నాం. పాపకి మాటలు ఇంకా వెనకే ఉన్నాయి, "త్త త్త" తప్ప ఏమీ రాలేదు. దాని గురించి మిమ్మల్ని అడగాలి.